జిల్లేడుతో నా పెళ్లి

నాకు ఒకసారి పెళ్లయింది. పెళ్లికూతురు తెల్లజిల్లేడు చెట్టు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మా వీధి వీధంతా నవ్వింది. నాకు మాత్రం ఈ రోజుకీ నవ్వు రాదు. ఆ పెళ్లి జరగకపోయి ఉంటే ఈపాటికి నేను ఒక ఆడపిల్లకు మొగుణ్ణయి, ఆమె బతుకు బుగ్గిపాలు చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉండేవాణ్ణి.

ముందు నా సంగతి చెప్పాలి. మాది కడప జిల్లాలో ఒక నేతగాళ్ల ఊరు. ముందుగదిలో గుంటమగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన నేస్తుంటే, వెనక కూర్చుని అమ్మ నూలు కండెలు చుట్టేది. నాలుగేళ్లు నిండినా నాకు మాట రాలేదట. పిలిస్తే తిరిగి చూసేవాణ్ణి కాదట. చెవుడనుకున్నారు. కానీ నాయన మగ్గం ఆపిన మరుక్షణం ఏడుపు లంకించుకునేవాణ్ణట, దాంతో చెవుడు కాదని తేలింది. మరి ఏమిటన్నది మాత్రం తేలలేదు. ఎవరో చెబితే నన్ను మహానందికి తీసుకుపోయారు. కొడుక్కి మాట వస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకుని, నాయన నన్ను చంకనేసుకుని గుండంలో దిగి మూడు మునకలు వేయించాడు.

నాకు గుర్తున్న మొట్టమొదటి సంగతి అదే. గట్టు మీద జనం అరుపులు, గంటలు, పిల్లల ఏడుపులు. తల పగిలిపోతోంది. నీళ్లలోకి పోగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అడుగున రాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. అబ్బ, ఎంత హాయిగా ఉందో! మూడో మునకప్పుడు పైకి రానని నాయన చెయ్యి పట్టుకుని కిందికే గుంజాను. ఆయన హడలిపోయి నా జుట్టు పట్టి పైకి లాగాడు. ఏడాది తిరగకుండా నాకు మాట వచ్చింది. మహానందీశ్వరుడు నా కొడుక్కి నోరిచ్చినాడని నాయన ఊరంతా చెప్పుకున్నాడు.

వచ్చిన నోరు ఎవరికీ పనికొచ్చే రకం కాదు. ఉన్నదున్నట్టు అనేసేవాణ్ణి. నూలు తెచ్చే పెద్దాయనతో "నీ నోరు కంపు కొడతాంది తాతా" అన్నందుకు నాయన నా వీపు విమానం మోత మోగించాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తేవాణ్ణి. పెళ్లి బాజాలంటే పై ప్రాణాలు పైనే పోయేవి. కళ్లలోకి చూసి మాట్లాడమంటే ఉన్న మాట కాస్తా పోయేది. బడిలోనూ వీధిలోనూ నన్ను తిక్కోడనేవాళ్లు. అమ్మ ఒక్కతే నాకు ఏ పేరూ పెట్టలేదు. నేను నేలమీద పడి గింజుకుంటున్నప్పుడు వచ్చి, తన కొంగు నా తలమీద కప్పి, రెండు భుజాలూ గట్టిగా అదిమి పట్టుకునేది. ఆ చీకట్లో కాసేపటికి కుదుటపడేవాణ్ణి. అట్లా చేయాలని ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

ఒక్క పనిలో మాత్రం నన్ను మించినవాడు మా ఊళ్లో లేడు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువుపోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, పోగుకు పోగు చేర్చి మెలేయాలి. ఒక్కో పడుగులో వేల పోగులు ఉంటాయి. అందరికీ విసుగొచ్చే పని, నాకు పండగ. ఈ పనికి మామూలుగా ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఈ అంచు నుంచి, ఇంకొకరు ఆ అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో కలుస్తారు. చూపు పోగుల మీదే ఉండాలి కాబట్టి ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

నాతో కూర్చునేవాడు మా వీధి చివరింటివాడు, నా ఈడువాడే. పొద్దున మొదలుపెడితే క్రికెట్ గురించి సాయంత్రం దాకా చెబుతూనే ఉండేవాడు. నేను ఊ కొట్టకపోయినా ఏమీ అనుకునేవాడు కాదు. "నువ్వు పలక్కపోయినా వింటాండావని నాకు తెలుస్తాదిలేప్పా" అనేవాడు. పని ముగిసే వేళకు మా ఇద్దరి చేతులూ పడుగు మధ్యకు వచ్చేవి. చివరి పోగుల దగ్గర నేను కావాలని నిదానం చేసేవాణ్ణి. వాడంటే నాకు ప్రాణం. ఆడపిల్లల మీద పోవాల్సిన మనసు వాడి మీద పోతోందని పదమూడేళ్లకే నాకు అర్థమైంది, ఇరవై వచ్చేసరికి అనుమానం కూడా మిగల్లేదు.

వాడికి పెళ్లి కుదిరింది. ఆ మాట వాడు చెప్పినప్పుడు మేము పడుగు ముందే ఉన్నాము. నా నోరు సంగతి తెలిసిందే కదా. "నువ్వు పెండ్లి చేసుకుంటే నాకు ఏడుపొస్తాది. నువ్వంటే నాకు అట్లాంటి ఇష్టం" అనేశాను. వాడి వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తకుండానే, "ఈ మాట ఇంకోసారి అనాకప్పా. ఎవురన్నా వింటే ఇద్దరం చస్తాం" అన్నాడు. కోపంగా అనలేదు. తన వంతు పోగులన్నీ పూర్తి చేసి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని పోయాడు. మళ్లీ ఎప్పుడూ నా ఎదురుగా కూర్చోలేదు. ఆ తర్వాత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నేనొక్కణ్ణే అతికేవాణ్ణి. నిజం చెబితే ఏమవుతుందో అప్పుడు నేర్చుకున్నాను. నేర్చుకోకపోయినా బాగుండేది.

డిగ్రీ అయ్యాక పై చదువుకు కర్నూలు పోయాను. హాస్టలు నాకు నరకం. గదికి నలుగురు, నాలుగు ఫోన్లు, నాలుగు రకాల పాటలు. ఒకరోజు మెస్సులో కంచాల మోతకు తట్టుకోలేక బల్లకింద దూరి కూర్చున్నాను, ఎంత పిలిచినా బయటికి రాలేదు. వార్డెను నన్ను ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె రెండు పూటలు కూర్చోబెట్టి చిన్నప్పటి నుంచీ అన్నీ అడిగింది. తన కళ్లలోకి చూడమని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి, నాకున్నది ఆటిజం అని, పుట్టుకతోనే నా తీరు అదని చెప్పింది.

"మగవాళ్లంటే ఇష్టం కలగడం కూడా ఇందులోదేనా అండీ?" అని అడిగాను.

"అది వేరే సంగతి నాయనా. నీలో రెండూ ఉన్నాయి. రెండింటికీ మందు రాయను, రాసే పనీ లేదు" అంది.

ఇంట్లో చూపిద్దామని ఆ రెండు సంగతులూ తెలుగులో కాగితం మీద రాయించుకున్నాను. ఊరికి పోయిన రోజే అమ్మ చొక్కా ఉతికేసింది. జేబులో తెల్లటి ముద్ద మిగిలింది. ఆ ముద్ద చూసి నేను ఏడవాలి కదా, సంతోషించాను. అంత పిరికివాణ్ణి. మళ్లీ రాయించుకోలేదు.

చదువు ముగించి ఇంటికొచ్చి, ఉద్యోగం దొరికేదాకా అని మగ్గం దగ్గరే కూర్చున్నాను. ఇరవయ్యారేళ్లు. ఇంట్లో పెళ్లి మాట ఎత్తారు. పిల్లను వెతికే పని కూడా లేదు. మా మేనమామ కూతురు ఉంది. నాకంటే మూడేళ్లు చిన్న, పక్క ఊళ్లో బడిలో టీచరు. పుట్టిన రోజే నా పెళ్లామని అందరూ అనేసుకున్నారు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగారు. నా దగ్గర ఉన్న జవాబు చెప్పుకునేది కాదు, లేని జవాబు కల్పించడం నాకు రాదు. సిగ్గనుకున్నారు. ఆరుసార్లు వద్దన్నాక అమ్మా మామా కలిసి నా జాతకం పట్టుకుని బనగానపల్లె దగ్గర ఒక సాములవారి దగ్గరికి పోయారు. పిల్లవాడికి కుజదోషం ఉందని, మనసు పెళ్లి మీదికి పోకుండా అదే అడ్డుపడుతోందని ఆయన తేల్చాడు. ముందు జిల్లేడు చెట్టుకు తాళి కట్టించి, ఆ చెట్టును కొట్టేస్తే దోషం దాంతోపాటే పోతుందట. ఆ కొట్టేసే సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున, ఊరికి తూర్పున రోడ్డు పక్క బీట్లో, నా నడుమెత్తు ఉన్న తెల్లజిల్లేడు చెట్టును కడిగి, పసుపు రాసి, చుట్టూ కొత్త రవికగుడ్డ కట్టారు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు.

"కోడలు తెల్లంగుండాది, ఏం తక్కువ నీకు?" అని ఒకామె అమ్మను ఆటపట్టించింది.

"నోరు తక్కువ. నా కొడుక్కి సరిగ్గా సరిపాయ" అంది అమ్మ. అందరూ పగలబడి నవ్వారు.

నేను సాములవారిని అడిగాను: "మనుషుల పెండ్లికీ దీనికీ మంత్రాలు ఒకటేనా సామీ?"

"అన్నీ అవే నాయనా. ఏ లోటూ లేదు" అన్నాడు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. పీజీ చదివినవాణ్ణి, ఆయన మాట అక్షరాలా నమ్మాను. అన్నీ అవే మంత్రాలైతే ఇది నిజం పెళ్లే కదా. పసుపుకొమ్ము కట్టిన దారాన్ని కొమ్మకు చుట్టి మూడు ముళ్లు వేస్తుంటే నా గుండె మీది బరువు దిగిపోయింది. బాజాలు లేవు. నా కళ్లలోకి ఎవరూ చూడటం లేదు. ఆ ఆకుల మీద బూడిద పూసినట్టుండే నూగు నా వేళ్లకు అలవాటైనట్టే ఉంది. పెళ్లయిపోయింది, ఇక నన్నెవరూ ఏమీ అడగరు, నా మరదలు తన దారిన తాను పోతుంది అనుకున్నాను. చాలా ఏళ్లకు నాకు ఆకలి వేసింది. ఇంటికి పోయి ఏం తినాలా అని ఆలోచిస్తున్నాను.

మామ కొడవలి తీశాడు. మా మామ, ఆ పిల్ల తండ్రి. ఒక్క వేటుకు చెట్టు ఒరిగిపోయింది. కట్టిన తాళి అట్లాగే ఉంది. తెగిన మొదట్లోంచి పాలు కారుతున్నాయి.

"మామా, ఎందుకు కోసినావు? ఇప్పుడే కదా కట్టినా! అది ఏం చేసింది?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత మాటలు పోయాయి. దుమ్ములో కూలబడి, చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టాను. "పెండ్లాం చచ్చిపాయనని ఏడుస్తాండాడు, సూడండమ్మా" అని ఎవరో అన్నారు. ఒకటే నవ్వులు. అమ్మ పరుగెత్తుకొచ్చి కొంగు నా తలమీద కప్పి, భుజాలు అదిమి పట్టుకుంది. ఇరవయ్యారేళ్లవాణ్ణి, అందరిముందూ.

ఆ కొంగు కింద నాకు ఒక్కటే మాట పదేపదే తిరిగింది. నా బాగు కోసం ఒకదాన్ని తెచ్చారు, తాళి కట్టించారు, నరికారు. తర్వాతి వంతు నా మరదలిది. ఆ పని చేయబోయేది మామ కాదు, నేనే. పాపం ఆయనకు తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా మీద నాకు అంత అసహ్యం ముందెప్పుడూ వేయలేదు.

రెండు రోజుల తర్వాత నన్ను చూడటానికి మరదలు మా ఇంటికి వచ్చింది. ఖాళీగా కూర్చోలేక రాట్నం ముందేసుకుని కండెలు చుడుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమెకు మొత్తం చెప్పాను. డాక్టరమ్మ చెప్పిన రెండూ చెప్పాను. రాట్నం ఆగింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అంది.

"పదమూడేండ్లప్పట్నించి."

"పదమూడేండ్లా?" ఆమె మొహం జేవురించింది. "మా బావకు అబద్ధం రాదు, ఉన్నదున్నట్టు అంటాడని బడిలో పంతులమ్మలందరికీ చెప్పుకుంటి గదా! నూలు తాతకు నోరు కంపని చెప్పను వచ్చిన నోరు, నాకు చెప్పను రాలేదా? నీకోసరమని రెండు సంబంధాలు ఒద్దంటినే!"

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పయిందన్నాను. నువ్వే వద్దన్నావని ఇంట్లో చెప్పు, నేను మాట్లాడను అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది.

"ఏందీ? నేను ఒద్దన్యానని చెప్పల్లనా? రేపు ఊరంతా నన్నే ఆడిపోసుకుంటారు, ఎవునితోనో తిరుగుతాందంటారు. అదేం కుదర్దు బావా. ఆదివారం మా నాయన లగ్నపత్రిక రాయించను వస్తాడు. నేనూ వస్తా. అందరి ముందర నువ్వే చెప్పు. చెప్పలేకపోతే నేను నోరు మూసుకోని తాళి కట్టించుకుంటా. ఆమీద నీ ఇష్టం."

రాట్నం పక్కకు నెట్టి లేచిపోయింది.

ఆదివారం దాకా నేను ఒక్క ముద్ద తిన్నానో లేదో. చెప్పాల్సిన మాటలు నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. ఆ రోజు మామ, అత్త, మరదలు, అమ్మ, నాయన అందరూ ముందుగదిలోనే. ఫ్యాన్ కిర్రుమంటోంది, అత్త గాజులు గలగలమంటున్నాయి, మామ ఫోను మోగుతోంది. నేను పోయి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడైతే కొంచెం నిలకడగా ఉంటాను. "ఏం అల్లుడూ, ముహూర్తం వచ్చే నెలకు పెట్టుకుందామా?" అన్నాడు మామ.

పడుగును చూస్తూ చెప్పాను. "నాకు ఆడోళ్ల మీద మనసు పోదు మామా. మగోళ్ల మీదనే పోతాది. ఎప్పుడూ అంతే. మీ పాప తప్పు ఏమీ లేదు. ఈ పెండ్లి చేస్తే దాని బతుకు పాడైతాది."

మామ మొదట నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "దోషం ఇంకా పోలేదేమో, ఇంకో చెట్టును చూద్దామా?" అంది అత్త, పాపం నిజంగానే. నాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకుని తల వంచాను. కొట్టలేదు.

"నీకు మాట రావల్లని మహానందికి ఎత్తుకుపోయి మూడు మునకలు ఏయించినా గదరా" అన్నాడు. "దీనికా?"

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు. మామ కూతురి చెయ్యి పట్టుకుని లేచాడు. ఆమె గడప దగ్గర ఆగి, నన్ను చూడకుండానే, "చెప్పినావ్" అంది. అంతే, పోయారు. నేను వంటింటి గుమ్మంవైపు చూశాను. అమ్మ అక్కడే నిలబడి ఉంది. చెవుల్లో హోరు, నేను ఊగుతున్నాను. ఆమె రాలేదు. నాకు ఊహ తెలిశాక అమ్మ కొంగు రాకపోవడం అదే మొదటిసారి. నేను గుంటలోనే ముడుచుకుని, నా భుజాలు నేనే పట్టుకున్నాను. చాలాసేపు పట్టింది, కానీ కుదుటపడ్డాను.

వారం తిరగకుండా ఎర్రగుంట్ల వచ్చేశాను. ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని దొరికింది. సిమెంటు దిమ్మలు పోసి, నీళ్లలో నానబెట్టి, లెక్క ప్రకారం రోజులు గడిచాక యంత్రంలో పెట్టి ఎంత బరువుకు పగులుతాయో రాసుకోవడం. అందరికీ విసుగు, నాకు ఇష్టం. ఒంటిగది. కుక్కర్ కొనలేదు, గిన్నెలోనే వండుకుంటాను. లారీలు ఎక్కువైనప్పుడు చెవుల్లో దూది. తోటివాళ్లు పెళ్లెప్పుడని అడిగితే, "చేసుకోను, నాకు మగవాళ్లంటే ఇష్టం" అన్నాను. ఇద్దరు మాట్లాడటం మానేశారు. ఒకాయన "సరేలేప్పా, టీ తాగుతావా?" అన్నాడు.

నేను సుఖంగా ఉన్నానని చెప్పను. ఒంటరితనం కొన్ని రోజులు పీక తొక్కుతుంది. నా చివరింటివాడికి ఇద్దరు పిల్లలట. మరదలికి పోయినేడు పెళ్లయింది, నన్ను పిలవలేదు. నాయన మాట్లాడడు. కానీ నన్ను నేను దాచుకునే చాకిరీ ఒకటి ఉండేది, తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా, అది పోయింది. నాకు చెవులు మూసుకోవాలనిపిస్తే మూసుకుంటాను. రోడ్డు మీద ఎవరైనా నచ్చితే నచ్చాడని నాలో నేను అనుకుంటాను, చెంపలేసుకోను. నేను ఇంతే. ఈ మాట అనుకోవడానికి నాకు దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ముద్దయినా, అందులో ఉన్నది నాకు నోటికే వచ్చు.

అమ్మ వారానికోసారి ఫోన్ చేస్తుంది. తిన్నావా, ఎండ ఎట్లుంది, అంతే. రెండు నిమిషాలకు పెట్టేస్తుంది. ఆ ఆదివారం సంగతి మూడేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ అడగలేదు. పోయిన వారం మాత్రం అన్నీ అయ్యాక కూడా ఫోన్ పెట్టలేదు. అవతల ఊపిరి వినిపిస్తోంది.

"రేయ్" అంది. "నీ పెండ్లాం మళ్లా చిగురేసిందిరా."

నాకు అర్థం కాలేదు.

"ఆ జిల్లేడురా. మొదట్లోనుంచి లేచింది. నడుమెత్తు అయింది. రోడ్డు పనోళ్లు పెరుకుతామంటే నేను అడ్డం పడి పెరకనియ్యలే. మా కోడలప్పా అది, దాని జోలికి పోవాకండి అంటి. నవ్వుకున్యారు."

నోటికొచ్చింది అడిగాను. "నీళ్లు పోసినావా?"

"జిల్లేడుకు ఎవురన్నా నీళ్లు పోస్తారా, తిక్కోడా?" అంది. ఆ మాట అమ్మ నోట వినడం నాకు అదే మొదలు. తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"పోసినాలే" అంది.